ఇటలీ కారులో ఆదోనికి

ఎమ్మిగనూరులో ఒక జూనియర్ కాలేజీలో నేను ఫిజిక్స్ చెబుతాను. స్క్రూడ్రైవర్ పట్టుకోవడానికి నాకున్న అర్హత అంతవరకే. అయినా ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు గోడౌన్లో, పత్తి బేళ్ల వెనుక, టార్పాలిన్ కప్పుకొని ఉన్న పాత ఇటలీ కారును చూడగానే, ఇన్నాళ్లూ అది నాకోసమే ఎదురుచూసిందని నమ్మేశాను. రెండే సీట్లు, రెండే తలుపులు. ఎత్తు నా నడుము దాకా. మిల్లు యజమాని, డెబ్బై దాటిన పెద్దాయన, "ఎప్పుడో సెడిపోయిందప్పా. తీస్కపోతే నాకు జాగా మిగుల్తాది" అన్నాడు.

మా వాకిట్లో దాన్ని దించగానే నా భార్య చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు.

"ఇంట్లో మనం నలుగురం. దీంట్లో పట్టేది ఇద్దరే. మిగిలినోళ్లను యాడ కూసోబెడతారు?"

నేను వంగి టైర్లలో గాలి చూడసాగాను.

రెండేళ్లపాటు సెలవు రోజులన్నీ కారు కిందే గడిచాయి. ఏది చెడిపోయిందో తెలియలేదు కాబట్టి అన్నీ విప్పాను. కారులోనే దొరికిన రిపేరు పుస్తకం ఇటలీ భాషలో ఉంది. పేజీ మీద ఫోను పెడితే తెలుగులోకి మార్చేది. ఒకచోట "స్ప్రింగును మెల్లగా ఓదార్చండి" అని వచ్చింది. కాసేపు ఓదార్చాను కూడా. కార్బురేటరును పెట్రోల్లో నానబెట్టడానికి చేతికందిన గిన్నె తీసుకున్నాను. అది దోసెల పిండి గిన్నె. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో దోసె ఊసు లేదు. ఎర్ర రంగు నేనే కొట్టాను. రంగు సందుల్లోకి దిగి గడ్డకట్టి పక్క సీటు వైపు తలుపు ఇక తెరుచుకోలేదు. ఇంజను మళ్లీ బిగించాక గుప్పెడు బోల్టులు మిగిలాయి.

"కంపెనీవోళ్లు ఎక్కువేసినట్టుండారు" అంది నా భార్య.

ఆ బోల్టులు లేకుండానే ఒక ఆదివారం ఉదయం ఇంజను పలికింది. వీధి వీధంతా బయటికొచ్చింది. ఆ ఊపులో ఆమెను ఆదోనికి రమ్మన్నాను. రాదనుకున్నాను. మంచి చీర కట్టుకొని వచ్చి, నా వైపు తలుపులోంచి దూరి, పక్క సీట్లోకి జరిగి కూర్చుంది.

ఊరు దాటేచోట స్పీడ్ బ్రేకరు ఉంది. రోజూ బైకు మీద దాటేదే. కారు ముందు చక్రాలు దాటాయి, వెనక చక్రాలు దాటలేదు. పొట్ట ఆనుకొని బండి అక్కడే తూగుతూ నిలబడిపోయింది. నేను దిగాను. పత్తి తీయడానికి కూలీలను తీసుకుపోతున్న ఆటో మా వెనక ఆగింది. నడిపేవాడు నా పాత విద్యార్థి. వాడు వంగి కారు కిందికి చూసి, ఎంతో వినయంగా, "సెంటర్ ఆఫ్ గ్రావిటీ అంటే ఇదే కదా సార్" అన్నాడు.

ఆడకూలీలు దిగి కారు చుట్టూ చేరారు. "అక్కా, నువ్వు దిగితే బరువు తగ్గుతాది" అంది ఒకామె.

"నా పక్క తలుపు రాదమ్మా. మా సారే రిపేరు సేసినాడు. అట్లే ఎత్తండి" అంది నా భార్య.

ఎత్తారు. లోపల ఆమె ఊరేగింపులో ఉత్సవ విగ్రహంలా నిటారుగా కూర్చుంది.

"ఎనక్కి పోదామా?" అన్నాను సీట్లోకి దిగుతూ.

"ఎనక్కి పోవాలన్నా దీన్నే దాటాల కదా. సిగ్గు ఎట్లాగూ పోయింది. ఆదోనికే పదండి."

ఆ తర్వాత ప్రతి బ్రేకరు దగ్గరా కనబడినవాళ్లనల్లా బతిమాలుకున్నాను. మధ్యలో మాత్రం కారు నిజంగానే పరుగెత్తింది. రెండు వైపులా నల్లరేగడి చేలు, ముఖానికి వేడిగాలి. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వుతోంది. కారు బాగుందనో, నన్ను చూసో, అడగలేదు.

పెద్దాయనకు చూపించి గొప్పలు పోదామని మిల్లు ముందు ఆపాను. ఆయన వచ్చి బానెట్ మీద చేయి పెట్టాడు.

"ఏం సెడిపోయిందో కనుక్కున్నావా అప్పా?"

"అన్నీ విప్పి సూసినాను సార్. తెలీలేదు."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏం సెడిపోలేదప్పా. మా నాయన బొంబాయి నుంచి తెప్పించినాడు. నాకు నడపను రాదు, భయం. ఆయనకు ఆ మాట సెప్పలేక సెడిపోయిందన్నాను. ఇంగ అందరికీ అదే సెప్పుకుంటా వచ్చినా."

అంటే, ఏ జబ్బూ లేని ఇంజనును రెండేళ్లు కష్టపడి విప్పి, బోల్టులు తగ్గించి బిగించింది నేనన్నమాట. కారులోంచే విన్న నా భార్య దగ్గు వచ్చినట్టు ముఖం తిప్పుకుంది.

"ఒకసారి కూసుంటారా సార్?" అని అడిగాను. ఆమె బయటికి వచ్చింది. ఆయన మోకాళ్లు పట్టుకుంటూ లోపలికి జరిగాడు. మిల్లు ఆవరణలో స్పీడ్ బ్రేకర్లు లేవు. ఎద్దులబండి వేగంతో తిప్పుతున్నా ఆయన రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకొని, "మెల్లగప్పా, మెల్లగ" అంటూనే ఉన్నాడు. ఆపబోతే మాత్రం, "ఇంగొక్క సుట్టు" అన్నాడు.

చివరికి ఆపేసరికి నా భార్య కనబడలేదు. ఫోను చేస్తే ఎమ్మిగనూరు బస్సులో ఉన్నానంది. కిటికీ పక్క సీటు దొరికిందట.