తోడు వచ్చే మనిషి

పెద్దపల్లిలో ఎల్లేశం పన్ను నొప్పి సంగతి తెలియనివాళ్లు లేరు. హోటల్లో చాయ్ తాగుతూ చెప్పాడు, క్షవరం చేయించుకుంటూ చెప్పాడు, పక్కింటి సత్తమ్మకైతే గోడమీదుగా వాచిన దవడ చూపించి మరీ చెప్పాడు. లవంగం పెట్టుకొమ్మన్నవాళ్లే అందరూ.

అతను ఎదురుచూసిన మాట వేరు. పళ్ల డాక్టరు నిఖిత ముందే చెప్పింది, చివరి పన్ను తీయడం పావుగంట పని, చిగురు మొద్దుబారే సూదితో అయిపోతుందని. భయముంటే మగతకు గోళీ కూడా ఇస్తానంది. మత్తుకు పీల్చే గ్యాసు కావాలంటే కరీంనగర్ పోవాల్సిందే.

"గోళీ మింగితే మాత్రం ఇంటిదాక తీస్కపోయే మనిషుండాలె కాకా. లేకుంటే ఇయ్య."

భయం లేకేం? దుబాయిలో పనిచేసేటప్పుడు ఒకసారి సూది పట్టకముందే పన్ను పీకితే ప్రాణం పోయినంత పనైంది. ఆనాడు రూములో తనతో ఉండే భూమన్నే గట్టిగా పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు ఆ రూములో అదే పద్ధతి. ఒకడు బాగాలేదంటే చాలు, ఇంకొకడు డ్యూటీ మానేసి చెప్పులేసుకునేవాడు. అడిగించుకుంటే రూముకే నామోషీ. ఆ అలవాటు కొద్దీ, తిరిగొచ్చాక కూడా ఈ పిచ్చిమారాజు ఊరంతా నొప్పి చెప్పుకొని, ఎవరో ఒకరు 'నడువు, నేనొస్త' అంటారని కూర్చున్నాడు. పెళ్లాం పిల్లలు లేని మనిషి. ఎవరూ అనలేదు. పాపం వాళ్ల తప్పూ లేదు, ఊళ్లో అడిగితేనే కదా వచ్చేది.

పన్ను తీసే రోజు ఒక్కడే వెళ్లాడు.

"తోడెవ్వరు రాలేదా?" అంది నిఖిత.

"అందరికి చెప్పిన బిడ్డా."

"చెప్పుడు కాదు కాకా, అడిగిన్రా?"

అడగాలని ఎల్లేశానికి అప్పటిదాకా తోచనే లేదు. ఇప్పుడు తోచినా, ఎవరిని అడగాలో తెలియలేదు. బయటికొచ్చి, ఇంకా దుబాయిలోనే ఉన్న భూమన్నకు ఫోన్ చేశాడు.

"భూమన్నా, పన్ను పీకుతరటరా."

రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాడు నిద్రమత్తులోనే లేచాడు. "ఆగు ఎల్లన్నా, అంగి తొడుక్కుంటున్న. ఏ దవాఖానల ఉన్నవ్? వస్తున్న."

ఫోన్లో మంచం కిర్రుమంది.

"పెద్దపల్లిల ఉన్నరా."

అటువైపు చప్పుడు ఆగిపోయింది. ఎల్లేశానికి ఏడుపొచ్చింది. దవడ పట్టుకొని ఉన్నాడు కాబట్టి చూసినవాళ్లు పన్ను నొప్పే అనుకున్నారు.

లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. "గోళీ వద్దు బిడ్డా, సూదొక్కటే ఇయ్యి," అన్నాడు.