బమ్రోలిలో పేరుకోని పెరుగు

2020 లాక్‌డౌన్ వేసవి నాటికి నేను ఒక తెలుగు దినపత్రికకు సూరత్ విలేకరిగా ఉన్నాను. హోదా స్టాఫ్ రిపోర్టర్. ఊళ్ళో మా పత్రికకు నేను తప్ప మరో మనిషి లేడు. తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాల మీద బతికే కుటుంబాల వార్తలు పంపడం నా పని. ఆ రోజుల్లో పాస్ మెడలో వేసుకుని, రేకులతో మూసేసిన వీధుల వెంట తిరిగి, సాయంత్రం నాలుగింటికల్లా హైదరాబాద్ డెస్కుకు వార్త అందించాలి. ఇంటికి రాగానే బట్టలు బకెట్లో ముంచేవాడిని. గొంతులో నొప్పి మొదలైందేమోనని ఊరికే గుటకలు వేసి చూసుకునేవాడిని.

ఒక ఉదయం మల్లేశం ఫోన్ చేశాడు. సిరిసిల్ల వైపు మనిషి. భార్య రాజవ్వతో సూరత్‌లోని బమ్రోలి పేటలో ఒక అద్దె గదిలో ఉండేవాడు. మగ్గాలు ఆగిపోయాక ఆలుమగలు పెరుగు తోడేసి గల్లీలోని తెలుగువాళ్ళకు అమ్ముతున్నారు. నేనూ వాళ్ళ దగ్గరే కొనేవాడిని.

"సార్, జర రాండ్రి. పెరుగు పేరుకుంటలేదు. మా ఇంట్ల కరోనా ఉన్నదంటున్నరు. సేఠ్ రూం ఖాలీ చెయ్యమంటున్నడు."

వెళ్ళేసరికి వాళ్ళ గుమ్మానికి దూరంగా పదిమంది కొంగులు, తువ్వాళ్ళు మూతికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. మల్లేశం ఒక్కడి పెరుగే అయితే గొడవ ఇంత ముదిరేది కాదు. అతని దగ్గర తోడు తీసుకెళ్ళిన ఇళ్ళలో కూడా పాలు పాలలాగే ఉండిపోయాయి.

"వాళ్ళ తోడు తెచ్చిన కాడికెల్లి మా పాలు గూడ సచ్చినయి. రోగం గాకపోతే గిదేంది?" అంది ఎదురింటావిడ.

రాజవ్వ ఊరుకోలేదు. "రోగముంటే ముందుగాల మేం పండాలె గదనే! నీ లెక్కనే నిలవడ్డ, సూడు!"

ఇంటి యజమాని గుజరాతీ. పై అంతస్తు నుంచే రెండు వేళ్ళు చూపి "దో దిన్" అన్నాడు. రెండు రోజుల్లో గది ఖాళీ చేయకపోతే కార్పొరేషన్ వాళ్ళకు ఫోన్ చేస్తానన్నది దాని అర్థం. చేస్తే ఆలుమగలను క్వారంటైన్‌కు తీసుకుపోతారు. ఈ గదిలోకి మళ్ళీ రానివ్వరు. ఊరికి పోదామంటే వాళ్ళకింకా వలస కూలీల రైల్లో చోటు దొరకలేదు.

నాకు అంతకన్నా దగ్గరి భయం ఒకటుంది. ముందు రోజు మధ్యాహ్నం, ఫ్రిజ్‌లో మిగిలిన వాళ్ళ పలచటి పెరుగే ఒక గిన్నెడు తిన్నాను.

ఎలా చేస్తున్నావో చెప్పమని మల్లేశాన్ని అడిగాను. ఏళ్ళ తరబడి ఒకటే తోడు. నిన్నటి పెరుగులోంచి ఒక గరిటె ఇవాళ్టి పాలలోకి. నాలుగు రోజుల కింద మొదటిసారి పలచగా అయింది. "పారబోయ బుద్ధిగాలె. దాన్నే ఇంక జర ఎక్కువ తోడేసిన" అన్నాడు. మర్నాడు అసలే పేరుకోలేదు.

ఒక పాల కేంద్రంలో సూక్ష్మజీవుల పరీక్షలు చూసే సుజాత గారు నాకు పరిచయం. ఫోన్లో అంతా విన్నారు. ఆ నీళ్ళ పెరుగు కొంచెం డబ్బాలో పట్టుకెళ్ళి ఇంట్లో పరీక్ష చేయమన్నారు.

"ఆ డబ్బా గడప దాటిందంటే నేను దాటి వెళ్ళిపోతాను" అంది నా భార్య.

"ఎక్కడికి? రైళ్ళు లేవు."

"పక్కవాళ్ళ వరండాలోకి."

దాంతో పరీక్ష బాల్కనీలో పెట్టాను. కాచి చల్లార్చిన పాలు రెండు గిన్నెల్లో పోసి, రెండింటిలోనూ మల్లేశంది కాని మా ఇంటి తోడు వేశాను. రెండో దానిలో మల్లేశం డబ్బాలోది ఒక చెంచా అదనంగా కలిపాను. సాయంత్రానికి మొదటి గిన్నె గట్టిగా పేరుకుంది. రెండోది కదల్లేదు. దానిలోంచి ఒక చెంచా, మా తోడుతో పాటు, మూడో గిన్నె పాలలో కలిపితే తెల్లారేసరికి అదీ పేరుకోలేదు.

"సబ్బునీళ్ళో, పాలలో మిగిలిన పశువుల మందో అయితే గిన్నె నుంచి గిన్నెకు పలచబడిపోవాలండీ. ఇది బలం తగ్గకుండా పోతోందంటే లోపల పెరుగుతున్నట్టే" అన్నారు సుజాత గారు. దాన్ని ఫేజ్ అంటారట. పాలను పెరుగు చేసే బ్యాక్టీరియాలోకి దూరి, అందులోనే వందలుగా పెరిగి, దాన్ని పగలగొట్టుకుని బయటపడే వైరస్. తోడు మార్చకుండా వాడేచోట అది తిష్ట వేస్తుంది. ఎక్కువ తోడు వేసి మల్లేశం దాన్నే ఎక్కువ వేశాడు. మనిషి కణాల్లోకి అది దూరదు. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే చెప్పారు. ఇది ఫేజేనని మాత్రం ల్యాబ్‌లో చూస్తే తప్ప వంద శాతం అనలేనన్నారు.

ఆ మధ్యాహ్నమే వార్త రాశాను. ఏడు పేరాలు. మొదట గల్లీలో భయం, తర్వాత పరీక్ష, తర్వాత వైరస్. ఇది మనుషులకు సోకదు, మల్లేశం దంపతులకు ఏ జబ్బూ లేదు అన్నది నిదానంగా చివరి పేరాలో పెట్టాను.

పత్రికల్లో వార్తను కోయవలసి వస్తే కింది నుంచి కోస్తారు. ముఖ్యమైనది పైన ఉంటుందన్న నమ్మకం మీద నడిచే పద్ధతి అది. ముప్పై ఏళ్ళుగా నాకు తెలిసిన పద్ధతే. ఆ నెలల్లో ప్రకటనలు లేక పేజీలు తగ్గిపోయాయి. మర్నాడు ఈ-పేపర్‌లో నా వార్త నాలుగు పేరాలే వచ్చింది. పైన డెస్కు పెట్టిన శీర్షిక: "పెరుగులోనూ వైరస్!"

తొమ్మిదింటికల్లా అది గల్లీ వాట్సాప్‌లో తిరిగింది. ఎవరో యజమానికి హిందీలో చదివి వినిపించారు. నేను చేరేసరికి పాల గిన్నెలు, పరుపు చుట్ట, స్టవ్ వీధిలో ఉన్నాయి. యజమాని నాకేసి ఫోన్ ఎత్తి చూపి "ఆప్ హీ నే తో లిఖా హై" అన్నాడు. మీరే కదా రాశారు అని. చివరి పేరా సంగతి చెప్పబోయాను. అది అతని ఫోన్లో లేదు.

మల్లేశం నన్ను తిట్టలేదు. "మీరు రాసింది అబద్ధం గాదు సార్. గదే కష్టమాయె" అన్నాడు. రాజవ్వ మాత్రం నా వైపు తిరిగి చూడలేదు. ఇద్దరూ సూరత్‌లోనే నవాగామ్‌లో ఉన్న ఆమె తమ్ముడి గదికి నడిచి వెళ్ళారు.

రెండు రోజుల తర్వాత లోపలి పేజీలో అగ్గిపెట్టె అంత సవరణ వచ్చింది. దాన్ని ఎవరూ ఎవరికీ పంపలేదు. సుజాత గారు చెప్పినట్టు మల్లేశం గిన్నెలన్నీ సలసల కాగే నీళ్ళలో మరిగించి, వేరే చోటి తోడు తెచ్చి మొదలుపెట్టాడు. పెరుగు చక్కగా పేరుకుంది. కొనడానికి మాత్రం చాలాకాలం ఎవరూ రాలేదు. మగ్గాలు తెరిచాక తిరిగి కార్ఖానాకే పోయాడు.

ఆ తర్వాత ఉద్యోగం వదిలేదాకా నేను ఒక నియమం తప్పలేదు. భయపెట్టే విషయాన్నీ, ఆ భయం ఎంతవరకో చెప్పే విషయాన్నీ ఒకే వాక్యంలో రాశాను. డెస్కు కోస్తే రెండూ పోవాలి, ఉంచితే రెండూ ఉండాలి.