జ్ఞానయ్య మాస్టారి దొంగతనాల బోర్డు

కాఫీ లేకపోయినా జ్ఞానయ్య మాస్టారికి గడిచేది. పేపరు రాకపోయినా గడిచేది. బందరులో ఎవరింట్లో ఏం పోయిందో తెలియకపోతే మాత్రం ఆయనకు ఊపిరాడేది కాదు.

యాభై ఎనిమిదిలో నేను గుమాస్తా ఉద్యోగం మీద బందరు వచ్చి, ఈడేపల్లిలో ఆయన ఎదురింట్లో అద్దెకు దిగాను. బండిలోంచి సామాను ఇంకా దింపనేలేదు, తెల్లటి పంచె కట్టి, చెవిలో సుద్దముక్క పెట్టుకున్న ఒక పెద్దాయన వీధి దాటి వచ్చాడు.

"ఇత్తడి చెంబులు ఎన్నున్నాయండీ మీకు?"

"నాలుగండీ."

"లోపల పెట్టించండి. పెళ్ళిళ్ళ రోజులు, చెంబుల సీజను మంచి జోరు మీదుంది. గొడుగు బయట వదిలేసినా ఫర్వాలేదు, దానికి వానలు పడాలి."

ముప్పై ఏళ్ళు జాగ్రఫీ చెప్పి రిటైరయిన మనిషి. రుతుపవనాల పాఠం చెప్పిన నోటితోనే దొంగతనాల పాఠం చెప్పేవారు. వరండాలో నల్లబోర్డు. దాని మీద రోజూ గుండ్రటి అక్షరాలతో, 'పరాసుపేటలో కోళ్ళు మూడు. గాలివాటం గొడుగుపేట వైపు. అటువాళ్ళు గంపలు మూసుకోగలరు' అని రాసేవారు. నవ్వుకుంటూ చదివి, ఇంటికెళ్ళి గంపలు మూసుకునేవారు జనం.

ఏదైనా పోయిందని తెలిస్తే చాలు, మాస్టారు అక్కడ వాలిపోయి మూడు ప్రశ్నలు వేసేవారు. చివరిసారి ఎప్పుడు చూశారు? అప్పుడు చేతిలో ఇంకేం ఉంది? బియ్యం డబ్బాలో వెతికారా? ఆరేళ్ళ పరిశోధనలో ఆయన తేల్చిందేమిటంటే, బందరులో పోయిన ప్రతి పది వస్తువుల్లోనూ ఏడింటిని దొంగలు ముట్టుకోనే లేదు.

మా వీధిలో హెడ్ కానిస్టేబులు చిన్నబాబు గారుండేవారు. "ఆ బోర్డు చూస్తే ఊళ్ళో పోలీసులు లేరనుకుంటారు మాస్టారూ, చెరిపెయ్యండి" అని రోజూ గోల. ఒకనాడు ఆయన సైకిలే పోయింది. గుట్టుగా వచ్చి మాస్టారి చెవిలో చెప్పుకున్నారు.

"చివరిసారి ఎప్పుడు చూశారండీ?"

"మార్కెట్టుకి తొక్కుకెళ్ళాను."

"వచ్చేప్పుడు చేతిలో ఏముంది?"

"పెద్ద గుమ్మడికాయ. మోసుకుంటూ నడిచి..." అని ఆగిపోయారు చిన్నబాబు గారు. సైకిలు మార్కెట్టు గోడకి ఆనించినది ఆనించినట్టే ఉంది. మర్నాడు బోర్డు మీద, 'సైకిలు ఒకటి దొరికినది. యజమాని పేరు రాయుట మర్యాద కాదు' అని కనిపించింది.

ఆ ఏడు శ్రావణంలో మా ఇంట్లోనే వెండి కుంకుమ భరిణె పోయింది. అది మా ఆవిడ సువర్ణ పుట్టింటివాళ్ళు పెట్టింది. మా మేనత్త మంగతాయారు మాతోనే ఉండేది. ఇల్లంతా ఒకసారి కలియదిరిగి, పెరట్లో అంట్లు తోముతున్న ఎల్లమ్మ ముందు నిలబడింది.

"బయటినుంచి వచ్చేది నువ్వొక్కదానివే. ఎక్కడ పెట్టావో చెప్పు."

"నా బిడ్డల మీద ఒట్టమ్మా, నేను ఆ గదిలోకే పోలేదు!" ఎల్లమ్మ చేతిలో గిన్నె జారిపోయింది.

అత్తయ్య గొంతుకి వీధి వీధంతా మా గుమ్మంలోకి వచ్చింది. చిన్నబాబు గారు ఇష్టం లేకపోయినా ఖాకీ చొక్కా తొడుక్కుంటున్నారు. ఒకసారి స్టేషను మెట్లెక్కితే, తర్వాత వస్తువు దొరికినా ఎల్లమ్మని ఇంకే ఇంట్లోనూ పనికి రానివ్వరు. నాకది తెలుసు. తెలిసీ అత్తయ్యకి ఎదురు చెప్పలేక గోడకి అతుక్కుని నిలబడ్డాను.

అప్పుడొచ్చారు మాస్టారు.

"ఇది దొంగతనం కాదండీ. ఆరేళ్ళలో ఒక్క శ్రావణంలోనూ బందరులో వెండి పోలేదు."

"దొంగలు మీ బోర్డు చూసుకుని వస్తారా ఏమిటండీ?" అంది అత్తయ్య.

"అరగంట ఇవ్వండి తల్లీ. భరిణె చివరిసారి ఎప్పుడు చూశారు?"

"శుక్రవారం పేరంటానికి పట్టుకెళ్ళినప్పుడు. బియ్యం డబ్బాలో కూడా వెతికాను, అడక్కండి!"

"పేరంటానికి ఏ చీర కట్టుకున్నారు?"

అత్తయ్య మొహం కందిపోయింది. "మగవాళ్ళు అడగాల్సిన మాటేనా అది?"

"వచ్చేప్పుడు రెండు చేతుల్లోనూ శనగలూ పళ్ళూ ఉంటాయి కదండీ. మరి భరిణె దేంతో పట్టుకున్నారు?"

అత్తయ్య గిరుక్కున వెనక్కి తిరిగింది. లోపలికి వెళ్ళింది. పెట్టె మూత తెరిచిన చప్పుడయింది. ఎంతసేపటికీ రాకపోతే సువర్ణ వెళ్ళి చీరతో సహా అత్తయ్యని తీసుకొచ్చింది. మడతపెట్టిన పట్టుచీర కొంగున ముడి, ఆ ముడిలో భరిణె.

ఎల్లమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది. చిన్నబాబు గారు గబగబా చొక్కా విప్పేశారు. నేనూ గోడ వదిలాను. అత్తయ్య ఎల్లమ్మ పక్కనే నేల మీద చతికిలబడింది. "నా బుద్ధి గడ్డి తిందే. లేవే, కాఫీ కలుపుతాను. ఇవాళ గిన్నెలు నేనే తోముతాను" అంది. నిజంగానే తోమింది. బాగా మాత్రం తోమలేదు.

సాయంత్రం మాస్టారి వరండాలో కూర్చుని బోర్డంతా చదివాను. పోయినవి ఉన్నాయి, దొరికిన చోట్లు ఉన్నాయి. ఎవరిమీద అనుమానమో మాత్రం ఎక్కడా లేదు.

"ఇదంతా ఎందుకు మొదలెట్టారు మాస్టారూ?"

"మా అమ్మ భాగ్యమ్మ కృత్తివెన్నులో ఒకరింట్లో అంట్లు తోమేదండీ. వెండి చెంచా పోయిందన్నారు. ఎక్కడ చూశారు, ఎప్పుడు చూశారు అని ఒక్కరూ అడగలేదు. మేం ఊరొదిలి వచ్చేశాం. రెండేళ్ళకి ఆవకాయ జాడీ అడుగున దొరికిందట. పాపం, ఆ ఇంటావిడే వెతుక్కుంటూ వచ్చి చెప్పింది."

"మరి మీ అమ్మగారు ఏమన్నారు?"

నవ్వుతో మాస్టారి బొజ్జ కదలడం మొదలైంది.

"'రెండేళ్ళకి గాని జాడీ ఖాళీ అవలేదా అమ్మా? ఈసారి ఆవకాయ నేనొచ్చి కలుపుతాలెండి' అంది."