ల్యాంపు రూంలో సారక్క ప్రార్థన

మా క్వార్టర్ల వరుసకు నల్లా తెల్లారకముందే వచ్చేది. నాన్న సామ్యేల్ ఉన్నన్నాళ్లూ నీళ్లు పట్టడం ఆయన పని. బయట ఆయన బిందెలు నింపుతుంటే, లోపల అమ్మ చాప పరుచుకుని మోకాళ్ల మీద ప్రార్థన చేసుకునేది. మేం ఏదైనా అడగబోతే నాన్న బయటి నుంచే, "మీ అమ్మ దేవునితోని మాట్లాడుతుంది. మీకేం కావాల్నో నన్నడుగుండ్రి" అనేవాడు. నల్లా ఆగేదాకా ఆ చాప అమ్మది.

రెండువేల మూడులో నాన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆయన బదులు బొగ్గుగనుల కంపెనీ అమ్మకు ఉద్యోగం ఇచ్చింది. గోదావరిఖనిలో మా తల మీద కప్పు నిలిచిందన్నా, మా చదువులు ఆగలేదన్నా అది ఆ ఉద్యోగం పుణ్యమే. దానికోసం అమ్మ దేవునికి స్తోత్రం చెప్పని రోజు లేదు. కానీ ఆమె చాపను చుట్టి మూలకు పెట్టించింది కూడా ఆ ఉద్యోగమే. నీళ్లు పట్టాలి, వండాలి, మాకు డబ్బాలు కట్టాలి, ఫస్ట్ షిఫ్టుకు అందుకోవాలి. సాయంత్రం మోకరిస్తే రెండు మాటలకే తల చాపకు ఆనేది. అలాగే నిద్రపోయేది.

బొగ్గుగనిని మా వైపు బాయి అంటారు. అమ్మ డ్యూటీ బాయి మీద ల్యాంపు రూంలో. కిందికి దిగే ప్రతి మనిషికీ టోపీకి పెట్టుకునే దీపం ఒకటి ఉంటుంది, దాని మీద అతని నంబరు ఉంటుంది. దిగేటప్పుడు ఆ దీపం కిటికీలోంచి అందించాలి. పైకొచ్చి తిరిగిస్తే అదే నంబరు కొక్కేనికి తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడన్నమాట.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ పాస్టరమ్మ దగ్గర కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది. "అక్కా, పిల్లల నాయిన పోయిండు, ఇగ దేవుడు గూడ దూరమైతున్నడు. కండ్లు మూస్తే నిద్రొస్తుంది గని మాట రాదు. ఆయనను గూడ పోగొట్టుకుంటనేమో."

పాస్టరమ్మ ప్రేమగానే, "ఇంకో గంట ముందు లేచి చూడు సారమ్మా" అంది.

అమ్మ లేచింది. నాలుగైదు రోజులు బలవంతంగా మోకరించింది. ఆ తగ్గిన నిద్ర డ్యూటీలో బయటపడింది. ఓ పొద్దున కిటికీ ముందు మొగిలి, గట్టయ్య ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. మొగిలి దీపం గట్టయ్యకు, గట్టయ్య దీపం మొగిలికి ఇచ్చేసింది. వాళ్లు ముచ్చట్లలో పడి నంబరు చూసుకోకుండానే దిగిపోయారు.

షిఫ్టు విడిచాక మొగిలి పైకొచ్చి, గుంపులో దీపం కిటికీలో పెట్టి ఇంటికి పోయాడు. అమ్మ ముఖం చూడలేదు, నంబరు చూసి గట్టయ్య కొక్కేనికి తగిలించింది. గట్టయ్య మాత్రం పంపు పని మిగిలి కిందనే ఆగాడు. మిగతా దీపాలన్నీ వచ్చాయి. మొగిలి కొక్కెం ఒక్కటే ఖాళీ.

షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ కిందికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. నలుగురు మళ్లీ టోపీలు పెట్టుకుని దిగారు. అమ్మ ఆ ఖాళీ కొక్కేన్ని చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. మోకాళ్లు ఊనలేదు, కళ్లు మూయలేదు. "ప్రభువా, మొగిలి. ప్రభువా, మొగిలి." అంతకుమించి మాటే లేదట ఆమె దగ్గర.

అంతలో తడి తల తుడుచుకుంటూ సైకిల్ మీద ఒకడు వచ్చాడు.

"ఎవలో పైకి రాలేదటగదా అక్కా! నేను గూడ ఎతకనీకి దిగుత. ఎవలు?"

ఓవర్‌మన్ అన్నాడు. "నువ్వేరా! నిన్నే ఎతుకుతున్నరు!"

వెనకనే మొగిలి భార్య లింగవ్వ ఏడ్చుకుంటూ ఉరికొచ్చింది. మొగుణ్ని చూసి వీపు మీద రెండు గుద్దింది. "తానం చేసి ఏడికి పోయినవ్ రా? బాయిల ఇరుక్కున్నవని మనిషొచ్చి చెప్పిపాయె!"

కాసేపటికి గట్టయ్య మొగిలి దీపంతో పైకొచ్చాక సంగతి తేలింది. ఓవర్‌మన్ అమ్మను అందరి ముందు తిట్టాడు. "నిద్రొస్తే ఇంట్ల పండు సారమ్మా. గీడ గాదు." అమ్మ తప్పు ఒప్పుకుంది.

ఇంటికొచ్చి మాత్రం నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. ఆమె ముఖం నాన్న ఉన్నప్పటి ముఖంలా ఉంది. "ఇయ్యాల మాట్లాడిన బిడ్డా ఆయనతోని. కొక్కెం పట్టుకోని నిలవడి మాట్లాడిన. నా పక్కకే ఉన్నడు. నేనే చాప మీద ఎతుకుతున్న."

తెల్లారి నుంచి ఆమె ప్రార్థన ల్యాంపు రూంకు మారింది. దీపం ఇచ్చేటప్పుడు నంబరు చూసేది, ముఖం చూసేది, పేరు పిలిచేది. "ఎల్లన్నా, దేవుడు నీకు తోడు." తిరిగిస్తే, "స్తోత్రం." ఆ తర్వాత ఏ దీపమూ తారుమారు కాలేదు. కొన్నాళ్లకు వాళ్లే దీపం కిటికీలో పెడుతూ, "స్తోత్రం సారక్కా" అనడం మొదలుపెట్టారు, చర్చి గడప ఎన్నడూ తొక్కనివాళ్లు కూడా. మొగిలి ఊరుకునే రకం కాదు. "మేడారం జాతరల మా సారక్క తల్లికి మొక్కొచ్చిన. గీ సారక్క గూడ నా పేరు చెప్తుంది. నాకు డబల్ డ్యూటీ కాపలా!"

"నీ పేరు చెప్పకపోతే మల్ల నిన్ను బాయిల ఇడిసిపెడుతనేమో" అనేది అమ్మ.

తెలంగాణ కోసం అందరూ సమ్మెలో ఉన్న రోజుల్లో దీపాలన్నీ కొక్కేలకే ఉండిపోయాయి. అమ్మ నల్లా దగ్గర బిందె నిండేలోపు ఆ పేర్లన్నీ చెప్పుకునేది. "బాయి బందైతే ఆయనకు బంద్ ఉంటదా?" అని నన్నే అడిగేది. దేవుడు దూరమయ్యాడన్న మాట ఆమె నోట మళ్లీ నేను వినలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడాది ఎండాకాలంలో ఆమె దవాఖానలో పడింది. చివరి రోజుల్లో పెదవులు కదులుతూనే ఉండేవి. జ్వరానికి పలవరిస్తోందని నర్సు అంది. నేను వంగి విన్నాను. "సదయ్య... ప్రభువా... ఎల్లన్న... ప్రభువా..." కొక్కేల వరుస తప్పకుండా చెబుతోంది.

అప్పుడే మొగిలి, లింగవ్వ చూడ్డానికి వచ్చారు. లోపల అడుగుపెట్టేసరికి అమ్మ అతని పేరు దగ్గరికి వచ్చింది. మొగిలి మంచం పక్కన కూలబడి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పైకొచ్చిన అక్కా. ల్యాంపిచ్చిన, సూడు."

అమ్మ కళ్లు తెరవలేదు. పెదవుల మీద నవ్వు మాత్రం కనిపించింది. "స్తోత్రం" అంది. కాస్త ఊపిరి తీసుకుని, గట్టయ్య పేరు అందుకుంది.