అత్తమ్మ బోర్లించిన బేసిన్

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ భయమే. అక్షరాలు చూసి కోప్పడకండి. ఆ రోజు సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మాది జహనుమా. మా ఆయనకు టెంట్ హౌస్ ఉంది. కంప్యూటర్ పని చేసే మా మరిది, పెద్ద వాన పడితే నష్టం ఇచ్చే బీమా ఒకటి ఆయనతో కట్టించాడు. అది బ్లాక్‌చెయిన్‌లో, అంటే ఏ ఒక్కరూ మార్చలేని కంప్యూటర్ల లెక్కల పుస్తకంలో రాసి ఉంటుందట. పెద్ద వాన పడిందని తేలితే డబ్బు దానంతట అదే ఇస్తుందట. వాన కొలిచే డబ్బాలు ఊరంతా ఉన్నాయి. ఒకటి మా డాబా మీద కూడా బిగించాడు.

ఆ సాయంత్రం మా వీధి చివర మేం వేసిన పెళ్లి పందిరి మీద కుండపోత వాన. పరదాలన్నీ పాడయ్యాయి. ఆదివారం ఇంకో పెళ్లి ఒప్పుకుని ఉన్నాం. బీమా రాకపోతే కొత్త పరదాలు లేవు, ఆ పెళ్లీ లేదు.

మరిది ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు.

"బీమాకు కండ్లు లేవు వదినా. వాన పడ్డదా అని ఒరాకిల్‌ను అడుగుతది. అది ఒక్కటి కాదు, మస్తు కంప్యూటర్లు. తలా ఒక డబ్బా లెక్క తెస్తయి. అన్నీ వరుసగ పెట్టి నడిమిది తీస్కుంటరు."

"గన్ని ఎందుకు? మన డబ్బానడిగితే చాలదా?"

"మన డబ్బాల మనమే చెంబెడు నీళ్లు పోస్కుంటే?" అని నవ్వాడు.

జవాబులు రావడం మొదలైంది. జల్‌పల్లి, పెద్ద వాన. బహదూర్‌పురా, పెద్ద వాన. మా డాబా, సున్నా!

"ఏందిరా ఇది?" అని మా ఆయన అరిచాడు. అందరం పైకి ఉరికాం. డబ్బా మీద స్టీలు బేసిన్ బోర్లించి ఉంది.

"మబ్బు పట్టంగనే వడియాలు తీసిన, దాన్ని మూసిన. కరెంటు సామాను, తడిస్తే ఖరాబ్ గాదా?" అంది అత్తమ్మ.

"వాన కొలిచేదాన్నే తడవనియ్యవా అమ్మా!" మా ఆయన తల పట్టుకున్నాడు.

"ఫికర్ చెయ్యకు అన్నా, ఆగు" అన్నాడు మరిది.

ఫోన్ మోగింది. నడిమి జవాబు, పెద్ద వాన! మా సున్నా ఒక చివరన పడిపోయింది. ఎవరూ సంతకం పెట్టకుండానే బీమా వచ్చేసింది. నేను తడి డాబా మీదే గంతులేశాను.

"ఇగ లొల్లి ఎందుకు? నా బేసిన్ నాకియ్యుండ్రి" అంది అత్తమ్మ.

ఆదివారం పెళ్లి కొత్త పరదాల కింద జరిగింది. నా రాతలో తప్పులుంటే వాటిని మా డాబా సున్నాలాగా ఒక చివరన వదిలేసి, నన్ను మన్నించండి.