జొరం ఉండాదా అని అడిగే మనిషి

"నాయన పొయినాడక్కా" అని మా కాంపౌండరు గారి కొడుకు ఫోన్ చేసినప్పుడు నాకు ఏడుపు కూడా రాలేదు. నెలరోజులుగా ఆసుపత్రి చుట్టూ తిరిగి అంతగా అలిసిపోయాను. వాకాడు దగ్గర, సముద్రం పక్కన ఉన్న ఆ మందుల షాపులో పద్దెనిమిదేళ్ళు ఆయన పక్కన నిలబడి మాత్రలు ఇచ్చినదాన్ని.

ఆయనతో వేగడం తేలిక కాదు. ఎవరైనా ఆయాసం మాత్రలు అడిగితే డాక్టరు చీటీ చూసి ఊరుకునేవారు కాదు. "జొరం ఉండాదా? చేతులు చూపించు, కాళ్ళు చూపించు" అనేవారు. ఎండలో నడిచొచ్చిన జనం విసుక్కునేవాళ్ళు. నిజం చెప్పాలంటే నేనూ విసుక్కున్నాను.

మా జాలర్ల సంగతి ఆయనకు బాగా తెలుసు. వలలోంచి జెల్లచేపను తీసేటప్పుడు దాని ముల్లు చేతిలో దిగుతుంది. చెబితే వేటకు పోవద్దంటారని పసుపు అద్ది, గుడ్డ చుట్టి దాచేస్తారు. పుండు చీముపట్టి జ్వరం వస్తుంది, ఆయాసం ఎక్కువవుతుంది. ఇంకో మాత్ర మింగుతారు.

రోజూ వేసుకునే మాత్రే కదా, ఎందుకీ గోల అని ఒకసారి గట్టిగానే అడిగాను. ఆయనకు కోపం రాలేదు.

"క్రిముల విషం రక్తంలో తిరగతా ఉంటే కాలేయం సరిగ్గా పని చెయ్యదమ్మా. నిన్నటి మాత్ర కరిగిపోకముందే ఇయ్యాళటిది వచ్చి పడతాది. అప్పుడు ఆ మందే గుండెను దడదడలాడిస్తాది, ఫిట్స్ తెస్తాది. చీటీ రాసిన రోజు ఆ మనిషికి జొరం లేదు. ఇప్పుడుందేమో మనమే అడగాల."

ఆయన పోయిన నాలుగో రోజు షాపు తెరిచాను. ఒకామె తన భర్త చీటీ తెచ్చింది. ఆయాసం మాత్రలు ఇచ్చేశాను. ఆమె మెట్లు దిగాక గుర్తొచ్చింది, నేనేమీ అడగలేదని. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. ఆమె అప్పటికే ఆటో ఎక్కింది.

"మీ ఆయనకు జొరమా?"

"మూడు దినాలాయమ్మా. చెయ్యి వాచిపొయ్యుండాది. పొద్దున రెండు మాత్రలేసినా తగ్గలా. ఒకటే వాంతులు."

మాత్రల అట్ట ఆమె చేతిలోంచి లాక్కున్నాను. వాళ్ళాయనను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలన్నాను.

"ఊపిరాడక కొట్టుకుంటా ఉంటే మందు లాక్కుంటావేందమ్మా?" అని ఆమె అరిచింది.

కాంపౌండరు గారైతే నిదానంగా చెప్పేవారు. ఆయన మీద బెంగ నాకు అప్పుడే ముంచుకొచ్చింది. తెరిచిన షాపు అట్లాగే వదిలేసి ఆమె పక్కన కూర్చున్నాను. ఆటో ఆమె ఇంటివైపు కదిలింది. దారంతా ఆమె నా గుప్పిటనే చూస్తూ ఉంది.