పోచమ్మ సాలుకు మందు కొట్టలే

డెబ్బైలల్ల ముచ్చట. పటాన్‌చెరు దిక్కు ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్న రోజులు. లక్డారంల మాకు బాయి కింద జెరంత చేను ఉండె. నేను ఏడో తరగతిల బడికి సలాం కొట్టి నాయిన ఎనుక నాగలి పట్టిన. నాయినకేమో నన్ను ఫ్యాక్టరీల పడెయ్యాలని ఒకటే యావ.

"ఈ చిక్కుడు పోయిందంటే నువ్వు గేటు లోపలికి పోవుడే" అన్నడు.

సైరన్ కూస్తే లేవాలె, సైరన్ కూస్తే తినాలె. కోడి కూస్తేనే లేవనోన్ని, నాకేం ఖర్మ?

మా ముందటి అర్రల కిరాయికున్న సారు గుంటూరు దిక్కు నుంచి ఫ్యాక్టరీ నౌకరీకి వచ్చిండు. నా నౌకరీ గూడ ఆయన సిఫారసు మీదనే ఉండె. మంచోడే, గని ఆయనకు తెల్వని సంగతి దునియాల లేదు.

చలికాలం తీగెలకు నల్లపేను పట్టింది. ఆకులన్ని జిగట. ఆ పేను నడుమ ఎర్రటి ఒంటి మీద నల్లచుక్కల అక్షింతల పురుగులు, మొసలి పిల్లల్లెక్క ఉన్న వాటి పిల్లపురుగులు తిరుగుతున్నయి. పేను పెద్దమనిషి లెక్క కదలకుండ కూసున్నది. ఇవేమో ఉరుకుతున్నయి. ఉరికేటోడే దొంగ అని మేమందరం తీర్పు చెప్పేసినం.

"ఇవేనండీ మీ పంట తినేస్తున్నది! డీడీటీ చల్లి చూడండి" అన్నడు సారు.

"మీ ఫ్యాక్టరీల చిక్కుడు గూడ తయారైతదా సారూ?" అన్న.

"నీకు వెటకారం ఎక్కువయ్యా."

నాయిన నా దిక్కు గుర్రుగ సూసిండు. నౌకరీ ఇప్పిచ్చేటోన్ని ఎక్కిరిస్తరా?

పొడిని పల్చటి గుడ్డల మూట గట్టి, కట్టెతోని కొట్టుకుంట సాలు సాలు తిరిగినం. మూతులకు తువ్వాలలు కట్టుకొని నాయిన, నేను, సారు ముగ్గురం బందిపోట్ల లెక్క ఉన్నం. ఒడ్డు పక్క మొదటి సాలు కాడికి రాంగనే అమ్మ అడ్డం నిలబడ్డది. ఆ సాలు కాయ ముందుగాల తెంపి, పోచమ్మకు వండిపెట్టినంకనే మేం తినాలె.

"మందు కంపు కూర అమ్మవారికి పెడ్తనా?"

"మాకు పెడ్తవు గద?"

"మీకేమైతది? బీడీలు తాగే మూతులు."

ఆ ఒక్క సాలు ఇడిశిపెట్టినం. తెల్లారి సూస్తె మందు పడ్డకాడ అక్షింతల పురుగులన్ని ఎల్లకిల పడ్డయి. సారు మురిసిపోయిండు. ఇగ పేను సూడాలె, పోలీసోడు లేని జాతరల జేబుదొంగల లెక్క పెరిగింది. పూత రాలుడు షురువైంది.

"డోసు చాల్లేదండీ" అన్నడు సారు.

"గేటు కాడికి ఓసారి పోయి సూసి రా" అన్నడు నాయిన నాతోని.

నేను గేటుకు పోలే, చేనుకు పోయిన. పోచమ్మ సాలు కాడ బోర్ల పండుకున్న. ఆ ఒక్క సాలుకు పేను పల్చగున్నది, పూత నిలిచింది. నా ముక్కు ముందట ఓ మొసలి పిల్ల పేనును పట్టి, పుట్నాలు నమిలినట్టు నములుతున్నది. ఒకటి అయిపోంగనే ఇంకోటి అందుకున్నది. ఓరి, మేం కావలి కుక్కను కొట్టి నక్కకు చేను అప్పజెప్పినం!

ఆ వారంలనే అదునుగాని వాన పడి పొడి కడుక్కపోయింది. చెంబు పట్టుకొని పోచమ్మ సాలుల పురుగులు ఏరుతుంటె అమ్మ ఉరికొచ్చింది.

"మొదటి కోత గాకముందే ఆమె సాలుల చెయ్యి పెట్టినవేందిరా!"

"కాయ ముట్టలేనే. పురుగులు."

"పురుగులైతేంది? ఆమెవే."

"బదులు తీస్కపోతున్న. మళ్ల తెచ్చిస్త."

అమ్మ చెంబులకు తొంగిసూసింది. "సగం ఇడిశిపెట్టు. బదులంటే అంత ఊడ్సుకపోతరా?"

మిగిలిన సాళ్లల్ల పురుగులను ఇడుస్తుంటె సారు ఒడ్డు మీద నిలబడి నోరు తెరిసిండు. "చేలోకి పురుగుల్ని వదులుతున్నాడేమిటండీ మీవాడు? మతి పోయిందా?"

"ఎట్లన్న పొయ్యే పంటే, ఆడుకోనీ" అన్నడు నాయిన.

తీగెలు మళ్ల పూసినయి. సగం పంటే దక్కింది. వాన పుణ్యం అన్నడు నాయిన. మందు ఆలస్యంగా పనిచేసిందన్నడు సారు. అమ్మ సంగతి చెప్పనే అక్కరలేదు. నేను చెంబు సూపెట్టిన, ఎవ్వరు సూడలే.

పోచమ్మకు వండిపెట్టినంక అమ్మ సారుకు గూడ గిన్నెల కూర పంపింది. తిని చెయ్యి కడుక్కుంట అడిగిండు సారు. "మరి మీవాడి ఉద్యోగం సంగతి మాట్లాడమంటారా?"

నాయిన చేను దిక్కు సూసిండు. "ఈయేడు ఉండనీ సారూ. చిక్కుడుకు ఇంకో కాపున్నది."

చేనుకు పోయేసరికి నా తువ్వాల మీద ఓ అక్షింతల పురుగు పాకుతున్నది. అమ్మకిచ్చిన మాట యాదికొచ్చి, దాన్ని వేలు మీదికి ఎక్కిచ్చుకొని పోచమ్మ సాలుల ఇడిశిన. మిగిలినయి ఆమెనే పిలుసుకోవాలె.